సస్పెన్స్ నవల చదివాక ఏం రాసుకోవాలి? (కథలు రాయాలనుకునేవాళ్ళ కోసం)

బ్రోడీపేట పాఠకురాలు
ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా చీటీలు, రైతుల పట్టీలు తప్ప ఇంకేం కనపడవు. యార్డుకి వేసవి సెలవులిచ్చాక మాత్రం మధ్యాహ్నాలు నావి. రెండేళ్ళుగా ఆ మధ్యాహ్నాలన్నీ సస్పెన్స్ నవలలకే పోతున్నాయి. కాలక్షేపానికి కాదు. నాకూ ఒకటి రాయాలనుంది.

చదివిన ప్రతి పుస్తకం మీదా ఒక లాంగ్ నోటుబుక్కులో సమీక్ష రాసుకుంటున్నాను. అరవై మూడు అయ్యాయి. మొన్న కూర్చుని మొదటినుంచీ తిరగేస్తే దిగులేసింది. సగం సమీక్షల్లో కథ మళ్ళీ చెప్పాను. మిగతా సగంలో "కింద పెట్టనివ్వలేదు", "చివరి మలుపు ఊహించలేదు" అని రాసి ఊరుకున్నాను. ఆ రచయిత నా కళ్ళు ఎక్కడ కప్పాడో ఒక్కదాన్లోనూ రాయలేదు. అది పట్టుకోలేకపోతే ఆ అరవై మూడూ నాకేం నేర్పినట్టు?

ముగింపు బయటపెట్టకుండా సస్పెన్స్ నవల మీద నిజాయితీగా రాయడం ఎలా? రాయాలనుకునే మనిషి దాన్ని ఎలా చదవాలి? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

పాతపుస్తకాల వేట
ఆదివారం, రాత్రి 9:52

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల చుట్టూ ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న మనిషిని. నాకు పనికొచ్చింది ఒకటే: రెండోసారి చదవడం. మొదటిసారి కథ కోసం, రెండోసారి కథ కట్టిన తీరు కోసం. రెండోసారి చదవబుద్ధి కాని నవల దగ్గర నేర్చుకునేది తక్కువే.

రిటైర్డ్ గార్డు, కృష్ణలంక
సోమవారం, ఉదయం 6:10

అమ్మా, కాఫీ తాగుతూ మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. గూడ్సు బండి లూప్ లైన్లో పడితే గంటలు గంటలు కదలదు. నా చదువంతా గార్డు కూర్చునే ఆ బ్రేక్ వ్యాన్‌లోనే.

అంతకుముందు, డెబ్భైల్లో, గవర్నరుపేటలో అద్దె లైబ్రరీలుండేవి. పుస్తకం రోజుకి పది పైసలు, లావు నవలైతే పావలా. డిటెక్టివ్ నవల ఒకరు తిరిగిచ్చేలోపు ఇంకొకరు అక్కడే నిలబడి ఉండేవాళ్ళు. వాటితో ఒక బాధ ఉండేది. ముందు చదివినవాడెవడో ఒక పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన "వీడే హంతకుడు" అని రాసేవాడు. అదీ పదమూడో పేజీలో.

నాకు పదిహేనేళ్ళప్పుడు అలాంటి పుస్తకం చేతికొచ్చింది. అద్దె కట్టేశాను, వెనక్కివ్వలేను. సరే, వీడే హంతకుడైతే వీడేం చేస్తున్నాడో చూద్దామని ఆ ఒక్కణ్ణే కనిపెట్టుకుంటూ చదివాను. అప్పుడు తెలిసొచ్చింది. వాడు దాదాపు ప్రతి సీన్‌లోనూ ఉన్నాడు. ఒకచోట మంచినీళ్ళు తెచ్చిస్తాడు, ఒకచోట తలుపు తీస్తాడు, ఇంకోచోట డాక్టర్ని పిలుచుకురావడానికి పరిగెడతాడు. రచయిత వాడి చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని పెట్టాడు. ఉత్త చేతులతో నిలబడ్డ మనిషిని అనుమానిస్తాం గానీ పనిలో ఉన్న మనిషిని పట్టించుకోం. ఇళ్ళల్లోనూ అంతే కదా. పనిమనిషి ముందు అన్నీ మాట్లాడేసుకుంటాం.

ఆ పెన్సిల్ గీత గీసినవాడి మీద ఆ రోజు పట్టరాని కోపం వచ్చింది. కానీ నాకు చదవడం నేర్పింది వాడే.

ఇంకొకటి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ పక్కన రాజు అని అసిస్టెంటు ఉంటాడు. అతనెందుకున్నాడో నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. యుగంధర్ ఏమనుకుంటున్నాడో మనకి తెలిసిపోతే కథ అక్కడితో సరి. పక్కన ఇంకో మనిషి ఉంటే, అతను చూసిందే మనం చూస్తాం, అతను తికమకపడినచోట మనమూ పడతాం. మీ నోటుబుక్కులో ముందు ఈ ప్రశ్న రాసుకోండి: ఈ కథ ఎవరి కళ్ళతో చూస్తున్నాను, ఎవరి మనసులోకి నన్ను రానివ్వలేదు? సగం గుట్టు అక్కడే ఉంటుంది.

బ్రోడీపేట పాఠకురాలు
సోమవారం, ఉదయం 8:05

మాస్టారూ, "చేతిలో పని పెట్టడం" అన్న మాట ఇప్పుడే నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాను. నిన్న చదివిన నవల్లో నేను చివరిదాకా అనుమానించని మనిషి, వచ్చిన ప్రతిసారీ పూలు కడుతూనే ఉంది!

బెంజిసర్కిల్ రాత్రులు
సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను ఫోన్‌లో చదివే యాప్ ఒకదానికి రోజుకో ఎపిసోడ్ రాస్తాను. పెద్దవాళ్ళు చెప్పినవి బాగున్నాయి గానీ ఇప్పటి పాఠకుడికి అంత ఓపిక లేదండీ. ఎపిసోడ్ చివర ఏదో ఒకటి పేలాలి. తలుపు చప్పుడు, ఫోన్‌కాల్, రక్తపు మరక. లేకపోతే రేపు రాడు. నాకు తెలిసిన సస్పెన్స్ అంటే అదే. అక్కా, సమీక్ష రాసేటప్పుడు ప్రతి అధ్యాయం చివరి వాక్యం మాత్రం విడిగా ఎత్తి రాసుకోండి. రాయడానికి అదే పనికొస్తుంది.

వారంవారం
సోమవారం, సాయంత్రం 5:45

బాబూ, మీ మాటతో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం ఒప్పుకోలేను. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మాది అరండల్‌పేట. ఎనభైల్లో మా ఇంటికి మూడు వారపత్రికలొచ్చేవి. అమ్మ, పిన్ని, నేను సీరియల్ కోసం కొట్టుకునేవాళ్ళం. అయిపోయిన సీరియల్ కాయితాలు పత్రికల్లోంచి జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, బైండు చేయించేది అమ్మ. కాలికో అట్ట, ముందు పేజీలో అమ్మ చేతిరాతతో పేరు, తేదీలు. అలాంటివి ఇప్పటికీ ఇరవైకి పైనే ఉన్నాయి మా బీరువాలో.

ఆ బైండ్లు మళ్ళీ చదివినప్పుడు నాకో సంగతి తెలిసింది. వారంవారం చదివిన రోజుల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎదురుచూసిన చోటు, వరసగా చదివితే ఒక్కోసారి వెలవెలబోయేది. "ఆమె తలుపు తీసి కెవ్వున అరిచింది" అని ఆగుతుంది. పేజీ తిప్పితే గుమ్మంలో పాలవాడు. ఆ వారమంతా మా పిన్ని పడిన ఆందోళనకి అదా జవాబు? అదే మంచి సీరియల్ అయితే, ఆగినచోటు వరసలో చదివినా ఆగనిచ్చేది కాదు. ఎందుకంటే అక్కడ పేలింది చప్పుడు కాదు. ఒక మనిషి ఇక వెనక్కి తీసుకోలేని పని చేసేశాడు, లేదా వినకూడని మాట వినేశాడు. ఆ పైన కథ ముందున్న దారిలో నడవడానికి లేదు.

మీరు చెప్పినట్టు చివరి వాక్యాలు ఎత్తి రాసుకోవడం మంచి పనే. దాని పక్కనే తర్వాతి అధ్యాయం మొదటి పేరా కూడా రాసుకోమనండి. మాట ఇచ్చి తప్పిన రచయిత అక్కడ దొరికిపోతాడు. సమీక్షలో ముగింపు చెప్పకుండానే దాని గురించి ఎంతైనా రాయొచ్చు.

బెంజిసర్కిల్ రాత్రులు
సోమవారం, రాత్రి 11:15

అమ్మా, నా పాత ఎపిసోడ్లు ముప్ఫై వరసగా చదివాను. పదకొండు చోట్ల పాలవాడే ఉన్నాడు. నిజంగా చాలా బాధేసింది. రేపటి ఎపిసోడ్ ఆపి మళ్ళీ రాస్తున్నాను.

పాతపుస్తకాల వేట
మంగళవారం, ఉదయం 7:30

ఈ ముక్క మీద సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పింది ఇక్కడ చెప్పుకోవాలి. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రుఫో ఆయన్ని రోజుల తరబడి కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశాడు. అందులో బాంబు ఉదాహరణ ఉంది. బల్ల చుట్టూ కొందరు మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు. కింద బాంబు ఉందని మనకి తెలీదు, ఉన్నట్టుండి పేలింది. ప్రేక్షకుడికి దక్కింది పదిహేను సెకన్ల ఉలికిపాటు. అదే కబుర్లు, అదే బల్ల, కానీ బాంబు అక్కడ పెట్టడం మనం ముందే చూశాం, ఒంటి గంటకి పేలుతుందనీ తెలుసు, గోడ గడియారం ఒంటి గంటకి పావు తక్కువ చూపిస్తోంది. ఆ కబుర్లే పదిహేను నిమిషాల ఉత్కంఠ అయిపోతాయి. "లేవండి, పొండి" అని మనకే అరవాలనిపిస్తుంది.

మనవాళ్ళం సస్పెన్స్ అన్న మాటని దేనికి పడితే దానికి వాడేస్తాం. హంతకుడెవరో చివరిదాకా తెలియకపోతే అది మిస్టరీ. తెలిసీ, పాపం ఆ పిల్లకి తెలియదే అని మనం విలవిల్లాడితే అది సస్పెన్స్. ఒక్కో నవల్లో రెండూ కలిసి ఉంటాయి. మీరు చదివిన అరవై మూడింటినీ ఈ కంటితో చూడండి. ఏ అధ్యాయంలో పాఠకుడికి ఎక్కువ తెలుసు, ఎక్కడ పాత్రకి ఎక్కువ తెలుసు, ఎక్కడ ఇద్దరికీ సమానం? పేజీ పక్కన 'పా', 'క', 'స' అని ఒక్కో అక్షరం వేసుకుంటూ పోయినా చాలు. 'పా' అంటే పాఠకుడికి ఎక్కువ తెలుసు, 'క' అంటే కథలో మనిషికి ఎక్కువ తెలుసు, 'స' అంటే సమానం. నేను అలా గుర్తులు వేసిన ఒక నవల్లో మధ్య వంద పేజీలూ 'స' పడింది. అక్కడే నాకు నిద్రొచ్చింది కూడా.

అచ్చుతప్పులు
మంగళవారం, రాత్రి 8:40

ఏలూరు రోడ్డులో ఒక ప్రచురణ సంస్థకి ప్రూఫులు దిద్దుతాను. నేను రోజూ చూసే సంగతి కాబట్టి సమీక్ష గురించే మాట్లాడతాను.

పాఠకురాలు గారూ, మీ ఇబ్బంది ఎక్కడుందంటే, రెండు పనులకి ఒకే కాయితం వాడుతున్నారు. లోకానికి రాసేది ఒకటి, మీరు నేర్చుకోడానికి రాసుకునేది ఒకటి. ఈ రెండూ కలిపితే ఏదీ నిలవదు. గుట్టు దాయాలి కాబట్టి పనితనం గురించి రాయలేరు, పనితనం రాయాలి కాబట్టి గుట్టు విప్పేస్తారు. విడదీయండి. లోపలి కాయితం మీద హంతకుడి పేరు మొదటి వరసలోనే రాసుకుని మొదలుపెట్టండి. బయటి కాయితం మీద, పుస్తకం మొదటి మూడో వంతు దాటి కథ చెప్పొద్దు. ఆ తర్వాతంతా మీ అనుభవం, భాష, పాత్రలు, వాతావరణం, నమ్మకం కుదిరిందా లేదా అన్నదే.

"చివర్లో ఊహించని మలుపు ఉంది" అని రాయడం కూడా గుట్టు చెప్పేయడమే. ఆ వాక్యం చదివినవాడు మొదటి పేజీ నుంచీ మలుపు కోసమే కాచుకుని ఉంటాడు, రచయిత ఏది చెప్పినా నమ్మడు. అసలు అట్ట వెనక నాలుగు మాటలు రాసేటప్పుడే మాకు ఈ తగువు. రెండో హత్య గురించి అట్ట మీద రాయొద్దని నేను ఎన్నిసార్లు అన్నానో. అమ్ముడుపోవాలంటారు. 150వ పేజీలో జరగాల్సిన చావు కొన్న రోజే జరిగిపోతుంది పాఠకుడికి.

1926లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవల ఉంది. దాని ముగింపు మీద దాదాపు వందేళ్ళుగా వాదన నడుస్తోంది, రచయిత్రి పాఠకుడికి న్యాయం చేసిందా మోసం చేసిందా అని. పేరు రాయను. ఏ కారణంతో వాదనో చెప్పినా, చదవనివాళ్ళకి ఆ నవల పోయినట్టే. వందేళ్ళయినా సరే, చదవనివాడికి అది ఇవాళ అచ్చయిన పుస్తకమే.

వకీలు, గుంటూరు
బుధవారం, ఉదయం 6:50

అచ్చుతప్పులు గారితో ఒకచోట విభేదిస్తున్నాను. తప్పు ముగింపులో ఉన్నా సరే, సమీక్షకుడు మెత్తబడకూడదు. అందులోనూ రేపు తను రాయబోయే మనిషి అస్సలు మెత్తబడకూడదు. తెలుగు సస్పెన్స్ నవలల్లో, సినిమాల్లో నేను లెక్కలేనన్నిసార్లు చూసిన ముగింపు ఇది: సి.ఐ. గారు బల్ల గుద్దుతారు, హంతకుడు కుప్పకూలి మొత్తం ఒప్పేసుకుంటాడు, కేసు ముగిసింది. మా కోర్టులో అయితే ఆ కేసు అక్కడే చచ్చిపోయింది!

పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద సాక్ష్యంగా పనికిరాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్‌గా ఉంది. మేజిస్ట్రేటు ముందు, తగిన హెచ్చరికలు చేశాక, ఇష్టపడి చెప్పింది వేరు. ఒక మినహాయింపు ఉంది, రాసేవాళ్ళకి అది బంగారం లాంటిది. కస్టడీలో ఉన్నవాడు "కత్తి ఫలానా చోట పాతిపెట్టాను" అని చెప్పి, దాన్ని బట్టి వెళ్ళి తవ్వితే కత్తి దొరికితే, ఆ దొరకడానికి కారణమైన మాటలు, అంతవరకే, చెల్లుతాయి. అందుకే పోలీసులు మధ్యవర్తుల్ని, అంటే బయటి సాక్షుల్ని, పిలుస్తారు, వాళ్ళ ముందు చెప్పించి, వాళ్ళ సంతకాలతో నివేదిక రాయిస్తారు. తర్వాత కోర్టులో ఆ మధ్యవర్తి అడ్డం తిరిగితే? చూడండి, మీకు నవల్లో సగం ఇక్కడే ఉంది.

అరెస్టు చేశాక ఇరవై నాలుగు గంటల్లోపు, ప్రయాణానికి పట్టే టైము తీసేసి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఈ ఒక్క నిబంధనే గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. ఏ రచయితా దీన్ని ఎందుకు వాడుకోడో నాకు అర్థం కాదు.

పాతపుస్తకాల వేట
బుధవారం, ఉదయం 7:15

వకీలు గారు చెప్పింది చదివితే 1929లో రోనాల్డ్ నాక్స్ రాసిన పది నియమాలు గుర్తొచ్చాయి. ఆయన చర్చి ఫాదర్, డిటెక్టివ్ నవలలూ రాశాడు. నేరస్థుణ్ణి కథ మొదట్లోనే పరిచయం చెయ్యాలి, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, ముందుగా సిద్ధం చెయ్యకుండా కవలల్ని దింపకూడదు. మన నవలల్లో చివరి అధ్యాయంలో ఊడిపడే కవలల్ని తలుచుకుంటే, ఆ ఫాదర్ మన పుస్తకాలు కూడా చదివాడా అనిపిస్తుంది. నియమాలు దాటొద్దని కాదు. దాటిన నవల దొరికితే, ఎందుకు దాటాడో, దాటి మనల్ని ఒప్పించగలిగాడో లేదో లోపలి కాయితం మీద రాసుకోండి.

బ్రోడీపేట పాఠకురాలు
బుధవారం, రాత్రి 10:30

మూడు రోజులుగా మీరంతా ఇంత టైము పెట్టి చెప్తున్నారు. ఊరికే చదివి ఊరుకోవడం న్యాయం కాదని, నిన్నా ఇవాళా కూర్చుని ఒక లోపలి కాయితం రాశాను. నవల పేరు చెప్పను. పెళ్ళింట్లో జరిగే కథ.

మొదటిసారి చదివినప్పుడు ఆధారాలేవీ ఇవ్వకుండా చివర్లో హంతకురాల్ని తెచ్చి నిలబెట్టాడనుకున్నాను. సమీక్షలో అలాగే రాశాను కూడా. రెండోసారి చదివితే అది అబద్ధమని తేలింది. ఆధారం 41వ పేజీలో ఉంది. పెళ్ళి సామాన్ల జాబితా ఒకటి ఉంటుంది: పసుపు కొమ్ములు, కొబ్బరి బొండాలు, తెరసెల్లా, ఒక మందు సీసా, తలంబ్రాల బియ్యం, కర్పూరం. ఆ సీసా మధ్యలో ఉంది. జాబితా మొదటి వస్తువూ చివరి వస్తువూ గుర్తుంటాయి, మధ్యది జారిపోతుంది. పైగా ఆ జాబితా చదువుతున్న మనిషి మధ్యలో ఆగి కొబ్బరి బొండాల రేటు మీద తగువు పెట్టుకుంటాడు. నేను ఆ తగువు చదివి నవ్వుకున్నాను. నవ్వుతున్నప్పుడు సీసా దాటిపోయింది.

ఇంకా ఉంది. హంతకురాలు తన చేత్తోనే ఆ జాబితా రాసింది. రాసేటప్పుడు "అన్నీ గుర్తుపెట్టుకోడం నా వల్ల కాదు" అంటుంది. చివరికి ఆమె దొరికిపోయేది ఒక చిన్న సంగతి మర్చిపోయినందుకే. రచయిత ఆమె గురించి ముందే నిజం చెప్పేశాడు, నేను వినలేదు. నా పాత సమీక్ష కొట్టేశాను. పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, కింద క్షమాపణ కూడా రాశాను ఆ రచయితకి.

వారంవారం
బుధవారం, రాత్రి 10:55

తల్లీ, నువ్వు రాయగలవు. ఈ కాయితమే చెప్తోంది.

అచ్చుతప్పులు
గురువారం, ఉదయం 9:10

కొట్టేసిన పాత సమీక్షని చింపకండి. మొదటి చదువులో మీకేం అనిపించిందో అదొక్కటే సాక్ష్యం. మీ పాఠకుడూ మొదటిసారి అలాగే చదువుతాడు.

బెంజిసర్కిల్ రాత్రులు
గురువారం, మధ్యాహ్నం 2:00

అక్కా, మీ కథ మొదటి అధ్యాయం ఉంటే పెట్టండి. అందరం చూద్దాం.

బ్రోడీపేట పాఠకురాలు
గురువారం, రాత్రి 9:45

అధ్యాయం మొత్తం పెట్టడానికి ఇంకా ధైర్యం చాలట్లేదు. సంగతి చెప్తాను. మే నెల. యార్డు సెలవులు. గుంటూరు కమిషన్ కొట్లో పనిచేసే గుమాస్తా శవం విజయవాడలో బందరు కాలవలో తేలుతుంది. అతన్ని చంపింది గుంటూరులో, ఒక కోల్డ్ స్టోరేజీలో, మిర్చి టిక్కీల మధ్య. అనుమానం ఉన్న మనిషి, ఆ సాయంత్రం నేను గుంటూరు నుంచి విజయవాడ రైల్లో ఉన్నానంటాడు. టికెట్టు చూపిస్తాడు. ఇదీ మొదలు. తప్పులుంటే దయచేసి మొహమాటపడకుండా చెప్పండి.

రిటైర్డ్ గార్డు, కృష్ణలంక
శుక్రవారం, ఉదయం 5:55

అమ్మా, మొహమాటపడొద్దన్నారు కాబట్టి చెప్తున్నాను. మా ఇల్లు బందరు కాలవకి నాలుగు వీధుల అవతల. వేసవిలో కాలవలు కట్టేస్తారు. తాగునీటికని చెరువులు నింపడానికి ఎప్పుడన్నా కొన్నాళ్ళు వదిలితే వదులుతారు గానీ, మామూలుగా మే నెలలో అడుగున బురద, గుర్రపుడెక్క, అక్కడక్కడా మడుగులు. శవం తేలడానికి నీళ్ళేవమ్మా? ఏరువాక నాటికి బ్యారేజీ దగ్గర గేట్లెత్తి డెల్టాకి వదిలితే గానీ కాలవకి కళ రాదు. విజయవాడలో పుట్టినవాడెవడూ ఆ పేజీ దాటి చదవడు.

రైలు సంగతి మాత్రం చాలా బాగుంది. గుంటూరు నుంచి బెజవాడకి రెండు దార్లున్నాయి. మంగళగిరి మీదుగా ఒకటి, తెనాలి మీదుగా చుట్టు తిరిగి ఒకటి. రెండూ కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర కలుస్తాయి, అక్కణ్ణుంచి నది దాటడమే. అనుమానితుడు "రైల్లో ఉన్నాను" అంటే, ఏ దారి రైలు అని ఎవరూ అడక్కపోవచ్చు. టికెట్టు చూపిస్తే టికెట్టు కొన్నట్టు రుజువు, ఎక్కినట్టు కాదు. ఇక్కడ మీరు ఆడుకోవచ్చు.

మార్చురీ డ్యూటీ
శుక్రవారం, మధ్యాహ్నం 3:20

ఫోరెన్సిక్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. కోల్డ్ స్టోరేజీ అనగానే ఆగలేకపోయాను.

చనిపోయాక ఒళ్ళు బిగుసుకోవడం, మళ్ళీ సడలడం రెండూ వేడిని బట్టి ఉంటాయి. మన మే నెల ఎండలో తొందరగా బిగుసుకుని తొందరగా సడలుతుంది. చలిలో రెండూ నిదానం. కుళ్ళడమూ నిదానమే. కాబట్టి చల్లటి చోట కొన్ని గంటలుంచి, తర్వాత ఎండలో పడేసిన శవం డాక్టర్‌కి ఒక టైము చెప్తుంది, వాస్తవం ఇంకో టైము. ఆ మనిషి రైలు టికెట్టు మీది టైము సరిగ్గా ఈ సందులో ఇరుక్కుంటుంది.

రెండోది. గుండె ఆగాక రక్తం కిందివైపుకి దిగి, చర్మం మీద ఊదారంగు మచ్చలు పడతాయి. కొన్ని గంటలకి అవి గట్టిపడి ఉండిపోతాయి. ఆ తర్వాత శవాన్ని ఎటు తిప్పి పడుకోబెట్టినా మచ్చలు మారవు. వెల్లకిలా దొరికిన శవానికి మచ్చలు ఛాతీ మీద ఉంటే, ఎవరో కదిపారని అర్థం. టిక్కీల మీద బోర్లా పడి ఉంటే గోనె నేత అచ్చు కూడా ఆ మచ్చల మధ్య తెల్లగా మిగలొచ్చు, ఎందుకంటే నొక్కుకున్నచోట రక్తం చేరదు. ఆ అచ్చు చూసి గోనె అని మొదట గుర్తుపట్టేది డాక్టరే కానక్కర్లేదు. యార్డులో పనిచేసినవాళ్ళెవరైనా గుర్తుపడతారు.

బ్రోడీపేట పాఠకురాలు
శుక్రవారం, రాత్రి 11:40

డాక్టర్ గారూ, మీ చివరి వాక్యం చదివి లేచి నిలబడ్డాను.

మాస్టారూ, కాలవలో నీళ్ళు లేవన్నది నేను తప్పనుకుని ఏడుస్తూ కూర్చున్నాను ముందు. తర్వాత ఆలోచిస్తే, అది తప్పు కాకుండా చెయ్యొచ్చనిపించింది. చంపినవాడు గుంటూరువాడు కాదు, విజయవాడవాడూ కాదు. ఏడాది పొడుగునా నీళ్ళుండే కాలవ పక్క పుట్టినవాడు. రాత్రి చీకట్లో వంతెన మీంచి తోసేశాడు, కింద నీళ్ళున్నాయనుకున్నాడు. తెల్లారేసరికి శవం ఎండిన కాలవలో అందరి కళ్ళముందూ ఉంది. బెజవాడ మనిషెవడూ మే నెలలో ఆ పని చెయ్యడు. ఈ మాట నా కథలో ఎవరూ చివరిదాకా పైకి అనరు. కానీ మొదటి పేజీలోనే గుమాస్తా పెళ్ళాం కాలవ ఎండిపోయిందనీ, బట్టలుతకడానికి చోటు లేదనీ పక్కింటావిడతో గొడవపడుతూ ఉంటుంది. గొడవ బిందెల గురించి.

వారంవారం
శనివారం, ఉదయం 6:30

బిందెల గొడవ మధ్యలో కాలవ! కొబ్బరి బొండాల పాఠం అప్పుడే ఒంటబట్టింది. ఒక్క మాట. గుమాస్తా ఉండేది గుంటూరు కదా, అతని పెళ్ళాం బందరు కాలవ దగ్గర ఎందుకుంది? పుట్టిల్లా?

బ్రోడీపేట పాఠకురాలు
శనివారం, ఉదయం 6:48

పుట్టిల్లేనండీ. యార్డు సెలవులు కదా, పిల్లల్ని తీసుకుని వచ్చింది. అతను ఆ రాత్రి విజయవాడ వస్తానని చెప్పాడు. అంటే ఆ సంగతి తెలిసినవాళ్ళే చంపాలి. ఇది ఇప్పుడే, మీరు అడిగాకే తట్టింది.

వకీలు, గుంటూరు
శనివారం, ఉదయం 7:20

ఏ సంవత్సరం మే నెలమ్మా? 2024 జూలైకి ముందైతే పాత సెక్షన్లు, హత్యకి 302. తర్వాతైతే భారతీయ న్యాయ సంహిత, 103. శవ పంచనామా సెక్షన్ కూడా మారింది, 174 పోయి 194 వచ్చింది. ఎస్.ఐ. నోట ఒక్క అంకె తప్పు పడినా నాలాంటివాడు పుస్తకం మూసేస్తాడు.

బ్రోడీపేట పాఠకురాలు
శనివారం, ఉదయం 7:31

2019 మే. పాత సెక్షన్లే రాస్తాను. అధ్యాయం రేపు సాయంత్రానికి పెడతాను. చదివాక లోపలి కాయితం నాకు విడిగా పంపండి, ఇక్కడ మాత్రం బయటి కాయితమే రాయండి. బెంజిసర్కిల్ తమ్ముడికి ఇంకా ఏమీ తెలియదు. అతను మొదటిసారి చదవాలి.